అమ్మే ఇంటి వాకిట్లో సిమెంటు పోయకండి

డాలస్‌లో ఉంటున్న మా బావ పోయిన నెల ఒక వీడియో పంపాడు. ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు దాని ముందు భాగాన్ని ఎలా ముస్తాబు చెయ్యాలో ఒకావిడ హుషారుగా చెప్పుకుంటూ పోయింది. లాన్ కత్తిరించాలి, వీధి తలుపుకి కొత్త రంగు వెయ్యాలి, గుమ్మానికి రెండు పక్కలా ఒకే రకం కుండీలు పెట్టాలి, మొక్కల మొదళ్ళలో చెక్కపొట్టు పరవాలి. కొనేవాళ్ళు కారు దిగకముందే మనసులో సగం బేరం అయిపోతుందట. వీడియో కింద బావ ఒక్క ముక్క రాశాడు: "నాన్న ఇంటికి కూడా ఇలాంటిదేదో చేయించు. డబ్బు నేను పంపుతా."

నాన్నంటే మా మావయ్య. ఒడిశా గజపతి జిల్లాలో మా ఊరు పర్లాకిమిడిలో ఆయన కట్టుకున్న డాబా ఇల్లు. అత్తకి మోకాళ్ళు అరిగిపోయాక ఇద్దరూ హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. తాళాలు నా దగ్గరున్నాయి కాబట్టి అమ్మకం బాధ్యతా నా మీదే పడింది. అప్పటినుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళు, బ్రోకర్లు, మేస్త్రీలు, చుట్టాలు, ఎవరికి వాళ్ళు వాకిలి గురించి ఒక సలహా పడేసి పోతున్నారు. అవన్నీ వినీ వినీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. అమ్మే ఇంటి ముందు ఖర్చు పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. కానీ ఇప్పుడు మన ఊళ్ళో అందరూ పెడుతున్న ఖర్చు ఉందే, చెట్లు కొట్టేసి వాకిలంతా పేవర్ బ్లాకులనే సిమెంటు దిమ్మలు పరిచెయ్యడం, దాంట్లో అమ్మేవాడికి లాభం లేదు, కొనేవాడికి సుఖం లేదు.

గేటు బయట ఏముంది

ఆ వీడియోని తప్పుపట్టను. అమెరికాలో చాలా చోట్ల ఇంటి ముందు ప్రహరీయే ఉండదు. రోడ్డు నుంచి గుమ్మం దాకా గడ్డే. ఆ గడ్డి ఎంత ఎత్తు పెరగొచ్చో కూడా చాలా ఊళ్ళలో మునిసిపాలిటీ నిబంధన ఉంటుంది, దాటితే నోటీసు, జరిమానా. కొనేవాళ్ళు ముందు ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి, నచ్చితేనే బయల్దేరతారు. అలాంటి చోట లాన్ కత్తిరించకుండా ఇల్లు అమ్మకానికి పెడితే బద్ధకం కిందే లెక్క.

మన వీధుల్లో ముందు కనిపించేది ప్రహరీ. దాని ముందు మునిసిపాలిటీ కాలువ. కాలువ మీద విరిగిన పలక. పక్కన ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక కుప్ప, దాని మీద తీరిగ్గా పడుకున్న ఆవు. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆదివారం పొద్దున్నో, ఆఫీసు అయ్యాక సాయంత్రమో బండి మీద వస్తారు. వచ్చినవాళ్ళు నేరుగా లోపలికి రారు. మూల మీద పాన్ షాపు దగ్గర ఆగుతారు. కుళాయి నీళ్ళు రోజూ వస్తాయా, వానకి వీధిలో నీళ్ళు నిలుస్తాయా, ఆ ఇంట్లో ఎవరుండేవారు, ఎందుకు అమ్ముతున్నారు, అన్నీ అక్కడే తెలుసుకుంటారు. సగం తెలుగులో, సగం ఒడియాలో. ఆ పాన్ షాపు అతను "వానాకాలం మోకాల్లోతు నీళ్ళండీ" అన్నాడంటే గుమ్మం పక్క కుండీలు ఏం కాపాడతాయి?

అందుకే బావ డబ్బులో మొదటి వాటా గేటు బయటికే వెళ్ళింది. కాలువలో పూడిక తీయించాను. బురదలోంచి పాలిథిన్ కవర్లు ఒక పొరా కాదు, తవ్వేకొద్దీ వచ్చాయి. విరిగిన పలక మార్పించాను. ఇసుక కుప్ప ఎవరిదని వాకబు చేస్తే నాలుగిళ్ళ అవతలాయనది. గృహప్రవేశం భోజనాలు మేం తిని కూడా ఏడాది దాటింది. "అయ్యో, అదింకా ఉందా? మీకు పనికొస్తే వాడేసుకోండి" అన్నాడు ఎంతో ఉదారంగా. వాడేసుకున్నాం. ఆవు మటుకు ఇప్పుడు ఖాళీ నేల మీదే పడుకుంటోంది.

గేటు బయట పని చెయ్యడం వేరు, గేటు బయట తోట వెయ్యడం వేరు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. మా వీధికి వెనక వీధిలో ఒకాయన అమ్మకానికి ముందు ప్రహరీ అవతల, కాలువకీ గోడకీ మధ్యనున్న జాగాలో ఇటుకలు ఏటవాలుగా పాతి, చిన్న ఇనుప కంచె కట్టి, రంగురంగుల క్రోటన్లు వేశాడు. నిజంగానే అందంగా ఉండేది. కొనే పార్టీ బ్యాంకు లోను పెట్టుకున్నారు, అమీన్‌ని, అంటే సర్వేయరుని, పిలిపించి కొలిపించారు. క్రోటన్లు రోడ్డులో ఉన్నట్టు తేలింది. అంతటితో ఆగలేదు. ప్రహరీ మాటేమిటని అటూ ఇటూ మళ్ళీ గొలుసు లాగితే ఒక మూల గోడ కూడా కొంచెం బయటికే ఉంది. అన్నేళ్ళుగా ఎవరి కంటా పడని మూల అది. ఆ మొక్కలే లేకపోతే అమీన్ గొలుసు అటు వెళ్ళేదే కాదని ఆయన ఇప్పటికీ అంటాడు. ధర తగ్గించి అమ్ముకున్నాడు. నన్నడిగితే తప్పు మొక్కలది కాదు, కానీ మనది కాని నేల మీద ముస్తాబు చేసి మన ఇల్లని చూపిస్తే ఇలాంటివే బయటికొస్తాయి. పట్టాలో కిసం (నేల రకం) ఘరబారి (ఇంటి స్థలం) అని ఉందా లేదా, భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో పేరు ఎవరిది చూపిస్తోంది లాంటివి ఇక్కడి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అవి సరిగా లేకపోతే వాకిట్లో బృందావనం వేసినా ఒకటే.

నీళ్ళు ఎటు పోతున్నాయి

మావయ్య ఇంటికి తూర్పు గోడ కింది భాగమంతా ఉప్పు తేలి ఉంది. చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుకుంటుంది, అక్కడక్కడ పెచ్చులు ఊడాయి. బ్రోకరు చూసి చిటికెలో పరిష్కారం చెప్పాడు. "వాటర్‌ప్రూఫ్ పుట్టీ పెట్టించి, రెండు కోట్లు రంగు కొట్టించండి. ఆరు నెలలు ఢోకా ఉండదు. ఈలోగా రిజిస్ట్రేషన్ అయిపోతుంది." ఆయన మోసగాడేం కాదు. అందరూ చేసేదే చెప్పాడు. కానీ జ్వరం మొహానికి పౌడరు రాసినట్టు ఆ గోడకి రంగు కొట్టించడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇందులో నీతి ఒక్కటే కాదు, చట్టం కూడా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడి కంటికి ఆనని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. ఉప్పు తేలిన గోడ కంటికి కనిపించే లోపం. దాని మీద పుట్టీ పెట్టామంటే కనిపించే లోపాన్ని కనిపించని లోపంగా మనమే మార్చామన్నమాట. గోడ చెమ్మ కోసం కోర్టుకి వెళ్ళేవాళ్ళు మన ఊళ్ళో ఉంటారని నేననుకోను. కానీ కొన్నవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు, మనమూ ఊళ్ళోనే ఉంటాం. సంతలో కనపడినప్పుడల్లా మొహం తిప్పుకోవాలి.

అసలు చెమ్మ ఎందుకొచ్చిందని తాపీ మేస్త్రిని పిలిచి అడిగితే, ఆయన గోడని చూడలేదు, నేలని చూశాడు. ఇల్లు కట్టినప్పుడు వాకిలి ఇంత ఎత్తు లేదన్నాడు. ఏటా సంక్రాంతికి ఒక బండి ఎర్రమట్టి తోలించి చదును చేయించడం మావయ్యకి అలవాటు. ఏళ్ళ తరబడి అలా పోస్తూ పోస్తూ నేల పెరిగి పునాది మట్టానికి పైకి వచ్చేసింది. పైగా వాలు ఇంటి వైపుకే. డాబా మీది నీళ్ళు దిగే గొట్టం కూడా సరిగ్గా ఆ గోడ మొదట్లోనే పోస్తోంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 9,300 లీటర్లు. మన వైపు తుఫాను వస్తే ఆ మాత్రం వాన ఒక లెక్కలోది కాదు. అన్ని నీళ్ళూ ఇన్నేళ్ళుగా గోడ పాదాల్లోకే ఇంకుతున్నాయి.

బావకి ఇది ఫోన్లో చెబితే "మట్టి తవ్వించడం కూడా అందం కిందికే వస్తుందేటి?" అని నవ్వాడు. వాళ్ళ దేశపు ఇళ్ళ నిర్మాణ నిబంధనల్లోనే ఉంది: పునాది గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు బయటికి వాలాలి. వీడియోలో ఆవిడ అది చెప్పలేదు, ఎందుకంటే అక్కడ ఆ పని కట్టేటప్పుడే అయిపోయి ఉంటుంది. మనకి అది కాలేదు. కాబట్టి మన కుండీల కన్నా ముందు పలుగూ పారా రావాలి.

గోడ వెంబడి పెరిగిన మట్టి తీయించి, గేటు వైపుకి వాలు పెట్టించాం. గొట్టానికి ఇంకో ముక్క అతికించి నీళ్ళు పనస చెట్టు వైపుకి మళ్ళించాం. ఉప్పు తేలిన చోట పాత ప్లాస్టరింగ్ చెక్కించి ఇటుకలు ఆరడానికి అలా వదిలేశాను. చూడ్డానికి వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగేది దాని గురించే. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఒకాయన అది విని ధర తగ్గించమన్నాడు. ఇంకొకాయన, ఇరిగేషన్లో చేసి రిటైరైన మనిషి, వంగి చూసి, చేత్తో తట్టి, "ఆరుతోంది" అన్నాడు, అంతే. ఇద్దరిలో ఎవరూ కొనలేదు, ఆ కారణాలు వేరు.

పేవర్ బ్లాకుల మోజు

ఇక అసలు గొడవలోకి వస్తాను. పక్క వీధిలో ఒక ఇల్లు వాకిలంతా ఎరుపూ బూడిదరంగూ పేవర్ బ్లాకులు పరిచాక చకచకా అమ్ముడుపోయింది. ఇది నిజం. మా బ్రోకరు రోజుకోసారి నాకు గుర్తు చేసే నిజం. మావయ్య వాకిలికి లెక్క వేయించి డెబ్బై ఎనభై వేలన్నాడు, ముందు ఆ నందివర్ధనం, కరివేపాకు, పనస తీయించాలన్నాడు. "కొనేవాళ్ళు కుర్రాళ్ళు సార్. చీపురు పట్టుకుని ఆకులూడుస్తారా? కారు పెట్టుకోవాలి, పిల్లాడు సైకిల్ తొక్కుకోవాలి. పాములు రాకూడదు."

ఈ మాటల్లో ఒక్కటీ కొట్టిపారేసేది కాదు. పాముల సంగతి మరీ. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు, వానాకాలంలో పెరట్లో పాము కనపడని ఇల్లుండదు. ఆకులూడ్చడం మాటకొస్తే మా అత్త మోకాళ్ళే సాక్ష్యం. ఉద్యోగాలు చేసే దంపతులకి పొద్దున్నే కళ్ళాపి చల్లే తీరికెక్కడిది? పచ్చదనం గురించి పేజీలు రాసే నేను రోజూ వాళ్ళింటికి వెళ్ళి ఊడుస్తానా? ఈ ప్రశ్న నన్ను చాలా రాత్రులు వేధించింది. అయినా ఒప్పుకోలేకపోయాను. ఎందుకో చెబుతాను.

బ్రోకరు ఇంటి ధర కట్టే పద్ధతి నేను దగ్గరగా చూశాను. చిన్న నోట్‌బుక్కులో మొదట స్థలం రాస్తాడు. కాగితంలో డెసిమిల్ అని ఉంటుంది, మనవాళ్ళతో మాట్లాడేటప్పుడు సెంట్లంటాడు, రెండూ 435.6 చదరపు అడుగులే. తర్వాత రోడ్డు వెడల్పు. తర్వాత డాబా ఎన్ని అడుగులు, కట్టి ఎన్నేళ్ళయింది. బావి ఉందా, బోరు ఉందా. అంతే, కింద గీత గీసి కూడతాడు. "పేవర్ బ్లాకులకి ఎంత కలుపుతావయ్యా?" అంటే ఒక్క క్షణం పెన్ను ఆపి, "దానికేం కలపం సార్, తొందరగా పోతుందని అంతే" అన్నాడు. అంటే ఎనభై వేలు పెట్టేది ధర పెరగడానికి కాదు, తొందరకి. మాకు తొందర లేదు. తొందరున్నవాళ్ళు కూడా అదే ఎనభై వేలు ధరలో తగ్గిస్తే ఇంకా తొందరగా పోదా?

రెండోది, పరిచే తీరు. ఆ బ్లాకుల్ని ఇసుక పరుపు మీద, మధ్య సందుల్లో ఇసుక నింపి వేస్తే కొంత నీరన్నా లోపలికి దిగుతుంది. కారు తిరగాలంటే 60 మిల్లీమీటర్ల మందం బ్లాకు వాడాలి. ఇక్కడ నేను చూసిన చోట్లల్లా ఏం చేస్తున్నారంటే, గడ్డి మొలవకూడదని కింద సిమెంటు బెడ్ పోసి, సందుల్లో కూడా సిమెంటు పాలు పోస్తున్నారు. అప్పుడది గచ్చే. మధ్యలో చెట్టుంటే మొదలు దాకా బిగించేస్తారు, నాలుగు వేళ్ళ సందు కూడా వదలరు. ఢిల్లీలో ఇలాగే చెట్లని సిమెంటుతో బిగిస్తుంటే 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసెయ్యమని ఆదేశించాల్సి వచ్చింది. మన ఊళ్ళో ప్రైవేటు వాకిట్లో ఎవరు చూడొచ్చారు?

వాలు సంగతి పైనే చెప్పాను. ఇంటి వైపు వాలున్న నేల మీద గచ్చు పోస్తే నీళ్ళన్నీ గోడ మొదట్లోకే పరిగెడతాయి. వీధి వైపు వాలితే పూడిన కాలువలోకి, అక్కడినుంచి ఎదురింటి గుమ్మంలోకి. ఇక మే నెల ఎండలో ఆ వాకిట్లో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి చూడండి. సాయంత్రం ఏడింటికి కూడా సెగ వసారాలోకి కొడుతూనే ఉంటుంది.

కారు మాటకొస్తే, కారు నిలబడ్డానికి వాకిలంతా అక్కర్లేదు. రెండు టైర్లు నడిచే మేర రెండు పట్టీలు రాతి పలకలు వేస్తే చాలు, మధ్యలో నేల నేలగానే ఉంటుంది. మావయ్య ఇంటికి అదే చేయించాను. గేటుకి తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, పైన ఎనామిల్ పెయింట్ వేయించాను. పాచి పట్టిన మెట్లు బ్లీచింగ్ చల్లి ఇనుప బ్రష్షుతో రుద్దించాను. ప్రహరీకి సున్నం. నందివర్ధనాన్ని కొట్టలేదు, కింది కొమ్మలు తీసేసి చిన్న చెట్టులా చేశాం. కింద నేల కనపడుతుంటే పాము భయం సగం పోతుంది, ఊడవడమూ తేలిక. వీటన్నిటికీ కలిపి అయిన ఖర్చు బ్రోకరు చెప్పిన దాంట్లో మూడో వంతు కూడా కాదు.

తిత్లీ తర్వాత

చెట్లు ఉంచాలని నేనన్నప్పుడల్లా వీధిలో పెద్దవాళ్ళు ఒకటే గుర్తు చేస్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా పడిన పాట్లు. కొండల మీద ఊళ్ళలో చరియలు విరిగి జనం పోయారు. అవతల ఉద్దానంలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, తర్వాత తిత్లీ. మూడూ అక్టోబరు రెండో వారంలోనే. ఆ రాత్రి చెట్టు విరిగిన చప్పుడు విన్నవాళ్ళని పట్టుకుని "చెట్టు అందం" అని ఉపన్యాసమిస్తే తిడతారు, తిట్టాలి కూడా.

కాబట్టి డాబా మీదికి వంగిన కొబ్బరి చెట్టుని నేనే తీయించేశాను. కరెంటు తీగకి దగ్గరగా ఉంది, మొవ్వు కూడా ఎండుతోంది. మావయ్య ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, నీకు తెలుసు" అన్నారు. ఇంకో కొబ్బరి చెట్టు నిటారుగా, ఇంటికి దూరంగా ఉంది. ఎండు మట్టలు, గెలలు సెప్టెంబరులోపు దింపించుకుంటే చాలు. పనస చెట్టుకి తుఫాన్లో విరిగిన ఒక కొమ్మ మొండెం ఇప్పటికీ ఉంది, కానీ మొదలు గట్టిది. ఇంటి వైపు కొమ్మలు మాత్రం తగ్గించాం. ఏ చెట్టు పడుతుందో చూడకుండా చెట్టన్నదే వద్దనడం, ఏ గోడ తడుస్తోందో చూడకుండా ఇల్లంతా రంగు కొట్టడం, నాకు రెండూ ఒకే రకం తొందరలా కనిపిస్తాయి.

నిజానికి ఆ ఇంటికి పెద్ద చెట్ల కన్నా ప్రమాదం పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్క. జానెడే ఉంది, వేరు మాత్రం ఇటుకల మధ్యకి పాకేసింది. అలాగే వదిలితే గోడని రెండుగా చీలుస్తుంది. మేస్త్రి దాన్ని ముట్టనన్నాడు. "రావిని శనివారం తప్ప తాకకూడదండి, పీకి పారెయ్యడం అసలే కూడదు." బ్రోకరు నవ్వాడు గానీ తనూ ముట్టలేదు. శనివారం పొద్దున్నే మేస్త్రి స్నానం చేసి వచ్చి, చిన్న ఉలితో చుట్టూ ఇటుక చెక్కి, వేరు తెగకుండా తీసి, తడి గుడ్డలో చుట్టి సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని పోయాడు. ఏటి గట్టున పాతాడట. పగులు పూడ్చడం ఆ మరుసటి రోజే అయింది. నమ్మకం సంగతి ఎలా ఉన్నా ఇంత శ్రద్ధగా ఎవరైనా పిట్టగోడ బాగుచెయ్యడం నేను చూడలేదు.

పనస చెట్టుని మెచ్చుకున్నది ఇంతవరకూ ఒక్క జంటే. కొండల మీద స్కూల్లో పనిచేసే సవర టీచర్లు, భార్యాభర్తలు. ఇల్లు చూసే ముందు ఆయన చెట్టు దగ్గరికి వెళ్ళాడు. కాయ తట్టి, తొనలు గట్టిగా ఉంటాయా జారతాయా అని అడిగాడు. గట్టివే అన్నాను. ఆవిడ బావిలోకి తొంగి చూసి వేసవిలో నీళ్ళు ఎంత లోతుకి పోతాయో అడిగింది. ఇద్దరూ క్రైస్తవులు, వాస్తు గోల లేదు. బేరం లోను దగ్గర ఆగిపోయింది, చెట్టు దగ్గర కాదు.

తులసి కోట, తొందర మొక్కలు

వాస్తు అనగానే గుర్తొచ్చింది. తులసి కోటని ఏం చెయ్యాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. బ్రోకరు తీసెయ్యమన్నాడు, ఏ మతం వాళ్ళు కొంటారో తెలీదు కాబట్టి వాకిలి మధ్యలో అడ్డం ఎందుకని. బావ కూడా అదే అన్నాడు, పైగా ఆ వీడియోలో సొంత గుర్తులన్నీ తీసెయ్యమన్నారని. కొనేవాడు తన ఇల్లుగా ఊహించుకోవాలంటే మన ఫొటోలు, మన దేవుళ్ళు కనపడకూడదట. ఈ వాదనలో బలముంది. నేను చాలా రోజులు ఎటూ తేల్చుకోలేదు.

తేల్చింది అత్త. "నేను దీపం పెట్టిన చోట రెండు కార్లు నిలబెడతారేటి?" అంది. అది వాదన కాదని నాకూ తెలుసు. కానీ తర్వాత వచ్చిన ఒక ఒడియా కుటుంబం నాకు వాదన కూడా ఇచ్చింది. వాళ్ళ ముసలావిడ ఇల్లు లోపలికి రాకముందే చౌరా (తులసి కోటకి వాళ్ళ మాట) చుట్టూ తిరిగి, కింద నేల గచ్చా మట్టా అని చూసింది. మార్గశిరంలో లక్ష్మీపూజ చేసే మాణబసా గురువారాలకి గుమ్మం దాకా లక్ష్మి పాదాల ఝోటి వేస్తారు కదా. మనం ముగ్గు వేసినట్టే, కాకపోతే నీళ్ళలో కలిపిన బియ్యప్పిండితో. వాకిట్లో జాగా ఉందని కోడలికి చెప్పి సంబరపడింది. అందరికీ నచ్చేలా తుడిచేసిన వాకిలి ఎవరికీ ఇంత గట్టిగా నచ్చదని నాకనిపించింది. అక్కర్లేనివాళ్ళు తీసేసుకుంటారు, ఒక పూట పని. కోట కూల్చకుండా ఉంచాను. తులసి మొక్క ఎండిపోయింది కాబట్టి కొత్తది నాటాను.

ఇక తొందర మొక్కల గురించి నాలుగు మాటలు. అమ్మకానికి ముందు గబగబా పచ్చదనం కావాలని ఇప్పుడు చాలామంది కోనోకార్పస్ వేస్తున్నారు. ఇట్టే ఏపుగా పెరుగుతుంది, గోడలా కత్తిరించుకోవచ్చు, నిజమే. కానీ పుప్పొడితో ఇబ్బందని, వేళ్ళు పైపుల్లోకి పోతాయని గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే ఆపించింది. కొనేవాడికి ఆ తలనొప్పి అప్పగించడం దేనికి? కడియం నర్సరీల నుంచి వచ్చే కార్పెట్ గడ్డి కూడా అంతే. లారీ దిగినప్పుడు పచ్చగా ఉంటుంది, తాళం వేసిన ఇంట్లో రోజూ నీళ్ళు పోసేదెవరు? బంతి అయితే విత్తిన రెండు నెలలకి పూస్తుంది. వానలకి ముందు జాజి తీగ ఒకటి నాటితే దానంతటదే పాకుతుంది. మంచిదే వెయ్యాలనుకుంటే జూన్, జూలైల్లో వెయ్యాలి. ఏప్రిల్‌లో నాటి మేలో ఇల్లు చూపిస్తే ఎండిన మొక్కల్ని చూపించినట్టే.

బ్రోకరు మాత్రం పట్టు వదల్లేదు. వచ్చే ఆదివారం గుణుపురం నుంచి ఒక పార్టీని తీసుకొస్తున్నాడు. వాళ్ళకి పెద్ద కారుందట, ఇంట్లో అందరికీ డ్రైవింగ్ వచ్చట, పేవర్ బ్లాకులు లేవని ఫోన్లోనే నసిగారట. గేటు వెడల్పు ఎంతని నన్నడిగితే టేపు పెట్టి కొలిచి చెప్పాను, తొమ్మిదడుగులు. వాళ్ళకి వాకిలంతా గచ్చే కావాలంటే రిజిస్ట్రేషన్ అయ్యాక వాళ్ళ డబ్బుతో వేయించుకోవచ్చు. నీళ్ళ గొట్టం ఎటు మళ్ళించామో, వాలు ఎటుందో కాగితం మీద గీసి ఇస్తాను, మేస్త్రి ఫోన్ నంబరు కూడా.